సి భాషలో అబార్ట్: ప్రోగ్రాం ఏదీ సర్దుకోకుండా ఎందుకు ఆగిపోతుంది?

క్లుప్తంగా

సి ప్రోగ్రాం ఎగ్జిట్ ద్వారా ముగిస్తే వెళ్లేముందు అన్నీ సర్దుకుని వెళ్తుంది. అబార్ట్ ద్వారా ముగిస్తే ఏదీ సర్దదు. రాయాల్సిన డేటా బఫర్‌లోనే, అంటే దాన్ని తాత్కాలికంగా పోగుచేసే మెమరీలోనే, పోవచ్చు, చివరిగా నడవాల్సిన ఫంక్షన్లు నడవవు. చూడ్డానికి ఇది నిర్లక్ష్యంలా ఉన్నా కావాలని చేసిన ఏర్పాటే. తన మెమరీలో ఉన్నది నమ్మదగ్గదో కాదో తెలియని స్థితిలో, ప్రోగ్రాం తన వ్యవహారాన్ని బయటివారికి అప్పగించి తప్పుకుంటుంది. ఆ బయటివారు ఎవరు, వాళ్లు ఏం చేయగలరు అన్నదాన్ని బట్టే అబార్ట్ మంచి నిర్ణయమా కాదా అన్నది తేలుతుంది.

ఒకే సంగతి, మూడు సందేశాలు

కాలేజీ ల్యాబ్‌లో టర్బో సి నీలం తెర మీద ప్రోగ్రాములు రాసినవారిలో కొందరికైనా ‘అబ్‌నార్మల్ ప్రోగ్రాం టర్మినేషన్’ అనే వాక్యం ఎదురయ్యే ఉంటుంది. లినక్స్‌కి మారాక అది ‘అబార్టెడ్, కోర్ డంప్డ్’ అయింది. కోడ్‌చెఫ్ లాంటి పోటీ సైట్లలో కోడ్ పంపితే ‘రన్‌టైమ్ ఎర్రర్, సిగ్‌అబర్ట్’ అని వస్తుంది. మూడింటి అర్థం దాదాపు ఒకటే. ఆ ప్రోగ్రాంలోంచే ఎవరో అబార్ట్ అనే ఫంక్షన్‌ను పిలిచారు.

అయోమయం ఇక్కడే మొదలవుతుంది. ‘నేను రాసిన కోడ్‌లో అబార్ట్ అన్న మాటే లేదు, మరి ఎవరు పిలిచారు?’ అన్నది విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న. ‘ఆగడానికి ముందు లైన్లో ప్రింట్‌ఎఫ్ ఉంది, అది కూడా కనబడలేదేం?’ అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఉంది. ముందుగా, ఒక సి ప్రోగ్రాం ఎన్ని రకాలుగా ముగుస్తుందో చూడాలి.

ముగియడానికి ఉన్న దారులు

అందరూ వాడే దారి మెయిన్ ఫంక్షన్ నుంచి రిటర్న్ కావడం. ఇది ఎగ్జిట్‌ను పిలవడంతో సమానం. ఎగ్జిట్ చేసే పనులకు ఒక వరస ఉంది. మొదట ఎట్‌ఎగ్జిట్ ద్వారా నమోదు చేసిన ఫంక్షన్లను తిరగేసిన క్రమంలో పిలుస్తుంది, అంటే చివర నమోదైనది ముందు నడుస్తుంది. ఇలాంటివి కనీసం 32 నమోదు చేసుకునే వీలుండాలని సి ప్రమాణం చెబుతోంది. తర్వాత తెరిచి ఉన్న ఫైళ్ల బఫర్లలో మిగిలిన డేటాను బయటికి రాసి, వాటిని మూసేసి, టీఎంపీఫైల్ ద్వారా పుట్టిన తాత్కాలిక ఫైళ్లను తీసేస్తుంది. ఆఖరున ఒక అంకెను ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిస్తుంది. సున్నా అయితే పని సవ్యంగా జరిగినట్టు.

సి99లో, అంటే 1999 నాటి సి ప్రమాణంలో, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఇంకో ఎగ్జిట్ వచ్చింది. అది ఎట్‌ఎగ్జిట్ ఫంక్షన్లను పిలవకుండా నేరుగా బయటికి వెళ్లిపోతుంది. యూనిక్స్‌లో ఫోర్క్ చేసిన, అంటే నడుస్తున్న ప్రోగ్రాం (ప్రాసెస్) నుంచి నకలుగా పుట్టిన, పిల్ల ప్రాసెస్‌లో ఎగ్జిట్ బదులు ఈ రకాన్ని వాడమనడానికి గట్టి కారణమే ఉంది. ఫోర్క్ సమయంలో తల్లి బఫర్ కూడా నకలు అవుతుంది. పిల్ల మామూలు ఎగ్జిట్ పిలిస్తే ఆ నకలును కూడా రాసేస్తుంది, అదే వాక్యం అవుట్‌పుట్‌లో రెండుసార్లు వస్తుంది. సి11లో చేరిన క్విక్ ఎగ్జిట్ మధ్యే మార్గం. దానికి విడిగా నమోదు చేసిన ఫంక్షన్లను మాత్రం పిలిచి, అక్కడితో ముగిస్తుంది.

ఈ మూడూ ప్రమాణం దృష్టిలో ‘మామూలు ముగింపు’లే. వీటిలో సున్నా కాని అంకె ఇచ్చినా, అంటే పని విఫలమైందని చెప్పినా, అది మామూలు ముగింపే. కావాల్సిన ఫైలు దొరకలేదని చెప్పి ఆగిపోయిన ప్రోగ్రాం తన పరిస్థితి ఏమిటో తెలిసి ఆగింది. దాని లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. అబార్ట్ ఈ వరసలోకి రాదు. ప్రమాణం దాన్ని ‘అసాధారణ ముగింపు’ అని వేరుగా చెప్పింది.

అబార్ట్ లోపల

అబార్ట్ ప్రకటన స్టాండర్డ్ లైబ్రరీ హెడర్ స్టడ్‌లిబ్‌లో ఉంటుంది. దానికి ఏ విలువా ఇవ్వక్కర్లేదు, అది ఏ విలువా తిరిగివ్వదు. అసలు తిరిగే రాదు. దాని పని ఒక్కటే, సిగ్‌అబర్ట్ అనే సిగ్నల్‌ను, అంటే ప్రాసెస్‌కు అందే ఒక కబురును, తన ప్రాసెస్‌కే పంపుకోవడం. సి ప్రమాణం పేర్కొన్న ఆరు సిగ్నళ్లలో ఇదొకటి. సిగ్‌ఎఫ్‌పీఈ, సిగ్‌ఇల్, సిగ్‌ఇంట్, సిగ్‌సెగ్వీ, సిగ్‌టర్మ్ మిగతా అయిదు.

లినక్స్‌లో సిగ్‌అబర్ట్ నంబరు 6. ఈ నంబరుకు పాత పేరొకటి ఉంది, సిగ్‌ఐఓటీ. పీడీపీ-11 యంత్రంలో ఐఓటీ అని ఒక ఆదేశం ఉండేది. తొలి యూనిక్స్‌లో అబార్ట్ చేసిన పనల్లా ఆ ఆదేశాన్ని నడపడమే. యంత్రం ఉలిక్కిపడి ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌కు చెప్పేది, కెర్నల్ ఆ ప్రాసెస్‌ను ఆపి దాని మెమరీని ఫైల్లోకి దించేది. ఆ యంత్రాలు పోయి దశాబ్దాలైనా, లినక్స్ హెడర్ ఫైల్లో సిగ్‌ఐఓటీ పేరు ఇప్పటికీ 6 పక్కనే ఉంది.

సిగ్నల్ అన్నాక దాన్ని పట్టుకునే ఫంక్షన్, అంటే హ్యాండ్లర్, రాసుకోవచ్చు. సిగ్‌అబర్ట్‌కూ రాయొచ్చు. కానీ ఆ హ్యాండ్లర్ తన పని చేసి తిరిగొచ్చినంత మాత్రాన ప్రోగ్రాం బతకదు. లినక్స్‌లో ఎక్కువగా వాడే జీలిబ్‌సీ లైబ్రరీ పట్టువదలకుండా ఈ పని చేస్తుంది. ఎవరైనా సిగ్‌అబర్ట్‌ను అడ్డుకుని ఉంటే ముందు ఆ అడ్డు తీసి సిగ్నల్ పంపుతుంది. హ్యాండ్లర్ నుంచి తిరిగొస్తే, ఆ హ్యాండ్లర్‌ను తీసేసి మళ్లీ పంపుతుంది. అప్పటికీ ప్రాసెస్ నడుస్తుంటే మామూలు ప్రోగ్రాములకు అనుమతి లేని యంత్ర ఆదేశం ఒకటి నడిపి చావడానికి చూస్తుంది. హ్యాండ్లర్‌లోంచి లాంగ్‌జంప్‌తో వేరే చోటికి దూకడం ఒక్కటే తప్పించుకునే దారి. అలా తప్పించుకున్న ప్రోగ్రాం ఏ స్థితిలో మిగులుతుందో ఎవరూ పూచీ ఇవ్వలేరు. అది చేయకపోవడమే మంచిది.

ప్రాసెస్ పోయాక దాని తల్లి ప్రాసెస్ వెయిట్‌పిడ్ ద్వారా సంగతి తెలుసుకుంటుంది. అది తనంతట తాను బయటికి వచ్చిందా, సిగ్నల్ వల్ల చచ్చిందా అన్నవి వేర్వేరు జవాబులుగానే అందుతాయి. మనం ఆదేశాలు టైపు చేసే షెల్ మాత్రం రెండింటినీ ఒకే అంకెలో చూపాలి కాబట్టి సిగ్నల్ నంబరుకు 128 కలుపుతుంది. అందుకే అబార్ట్ అయితే 134, సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టడం) అయితే 139, కెర్నల్ గానీ మనిషి గానీ సిగ్‌కిల్‌తో చంపితే 137. ప్రోగ్రాంను విడిగా కట్టి నడిపే డాకర్ కంటైనర్ ఆగిపోయినప్పుడు కనిపించే అంకెలూ ఇవే. 137 కనబడితే మెమరీ చాలక బయటినుంచి చంపారేమోనని చూడాలి. 134 అయితే బయటివారి జోలికి పోకముందు ప్రోగ్రాం లోపలే వెతకాలి. ఈ ఒక్క తేడా గుర్తుంటే రాత్రిపూట సర్వర్ పడిపోయినప్పుడు సగం టెన్షన్ తగ్గుతుంది.

విండోస్‌లో ఏర్పాటు కొంచెం వేరు. మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్‌లో డీబగ్ బిల్డ్ అయితే అబార్ట్, రీట్రై, ఇగ్నోర్ అనే మూడు బటన్లతో డబ్బా వస్తుంది. అక్కడ అబార్ట్‌కు సంప్రదాయంగా వచ్చే ఎగ్జిట్ అంకె 3. టర్బో సి కూడా సందేశం చూపించి 3తోనే ముగించేది.

కనబడని ప్రింట్‌ఎఫ్

ఇప్పుడు విద్యార్థి రెండో ప్రశ్న. ప్రింట్‌ఎఫ్ పిలిచిన మరుక్షణం అక్షరాలు తెర మీదికి పోవు. ఒక్కో అక్షరానికి కెర్నల్‌ను పిలిస్తే ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది. అందుకని లైబ్రరీ వాటిని ప్రాసెస్ మెమరీలోనే ఒక బఫర్‌లో పోగుచేస్తుంది. అవుట్‌పుట్ టెర్మినల్‌కు పోతుంటే కొత్త లైన్ గుర్తు రాగానే బయటికి రాస్తుంది. ఫైలుకో పైపుకో పోతుంటే బఫర్ నిండేదాకా ఆగుతుంది. లినక్స్‌లో ఆ బఫర్ తరచుగా 4096 బైట్లు ఉంటుంది.

అబార్ట్ వచ్చేసరికి బఫర్‌లో ఉన్నది ప్రాసెస్ మెమరీతో పాటే పోతుంది. దీనివల్ల చిత్రమైన పరిస్థితి వస్తుంది. అదే ప్రోగ్రాం టెర్మినల్‌లో నడిపితే పది లైన్లు కనిపించి ఆగుతుంది. అవుట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లిస్తే ఫైలు ఖాళీగా ఉంటుంది. ఖాళీ ఫైలు చూసినవారు ప్రోగ్రాం మొదట్లోనే పోయిందనుకుని మొదటి లైన్లలో తప్పు వెతుకుతారు. అసలు తప్పు పదో లైను తర్వాత ఎక్కడో ఉంటుంది. పోటీ సైట్లలో అవుట్‌పుట్ ఎప్పుడూ ఫైలుకో పైపుకో పోతుంది కాబట్టి అక్కడ ఈ పొరపాటు ఇంకా ఎక్కువ.

స్టాండర్డ్ ఎర్రర్‌కు ఈ బాధ ఉండదు. అది బఫర్ నిండేదాకా ఆగదు, మామూలుగా వెంటనే రాస్తుంది. తప్పు వెతుకుతున్నప్పుడు జాడ చెప్పే సందేశాలను స్టాండర్డ్ ఎర్రర్‌కు రాయడం, లేదా ప్రతి ప్రింట్‌ఎఫ్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ పిలవడం చిన్న అలవాటే గానీ గంటల శ్రమ ఆదా చేస్తుంది.

అబార్ట్ తర్వాత నిజంగా ఏది పోతుంది, ఏది పోదు అన్నదీ స్పష్టంగా ఉండాలి. మెమరీని, తెరిచిన ఫైల్ డిస్క్రిప్టర్లను, సాకెట్లను, ఫైళ్ల మీది లాకులను కెర్నల్ వెనక్కి తీసుకుంటుంది. ప్రాసెస్ ఎలా చచ్చినా ఇది జరుగుతుంది. ‘అబార్ట్ చేస్తే మెమరీ లీకవుతుంది’ అనే భయానికి ఆధారం లేదు. మిగిలిపోయేవి వేరు. ప్రోగ్రాం తానే పేరుపెట్టి డిస్కు మీద సృష్టించిన తాత్కాలిక ఫైళ్లు, ‘నేను నడుస్తున్నాను’ అని చెప్పడానికి పెట్టుకున్న లాక్ ఫైళ్లు, షేర్డ్ మెమరీ ముక్కలు అక్కడే ఉండిపోతాయి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ‘ఇప్పటికే నడుస్తోంది’ అని కొన్ని సర్వర్లు మొండికేయడానికి తరచుగా కారణం ఇలా మిగిలిన లాక్ ఫైలే.

2018లో మారిన నిబంధన

అబార్ట్ బఫర్లను రాయాలా వద్దా అన్నది సి ప్రమాణం తేల్చలేదు. ఆ నిర్ణయాన్ని లైబ్రరీ రాసేవారికే వదిలేసింది. జీలిబ్‌సీ చాలాకాలం ‘పోనీ, ఉన్నది రాసి పోదాం’ అన్న పద్ధతిలో నడిచింది. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 2.27 వెర్షన్‌తో ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. అప్పటినుంచి అబార్ట్ ఏ బఫర్‌నూ ముట్టుకోకుండా వెంటనే ముగిస్తుంది.

ఎందుకు మార్చారన్నది ఈ విషయం మొత్తానికి కీలకం. ఒక కిరాణా కొట్టు గుమాస్తా రాత్రి కొట్టు మూసేముందు చిట్టా చూసి లెక్క కట్టి, ఇవ్వాల్సినవారికి ఇచ్చి, తాళం వేస్తాడు. ఎగ్జిట్ చేసేది ఇదే. ఒక రాత్రి చిట్టా తెరిస్తే అంకెలు ఎవరో దిద్దినట్టు ఉన్నాయనుకుందాం. అప్పుడు ఆ చిట్టానే చూసి చెల్లింపులు చేస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. చేయాల్సింది ఉన్నదున్నట్టు వదిలి, యజమానిని పిలవడం. సర్దడం కూడా ఒక పనే. ఆ పనికి కావాల్సిన సమాచారం పాడైన మెమరీలోంచే రావాలి.

ప్రోగ్రాంలో ఇది రెండు రకాలుగా బెడిసికొట్టేది. మొదటిది, స్తంభించిపోవడం. మెమరీ కేటాయించే మ్యాలక్ ఫంక్షన్ లోపల లాక్ (ఒకేసారి ఇద్దరు ముట్టకుండా వేసే తాళం) పట్టుకుని ఉండగా తప్పు బయటపడి అబార్ట్ మొదలైందనుకుంటే, బఫర్లు రాసే దారిలో మళ్లీ అదే లాక్ అవసరం పడొచ్చు. అప్పుడు ప్రోగ్రాం చావదు, నడవదు, వేలాడుతూ ఉంటుంది. చచ్చిన సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టడానికి యంత్రాంగం ఉంటుంది గానీ, బతికున్నట్టు నటిస్తూ జవాబివ్వని సర్వర్‌ను గుర్తించడం కష్టం.

రెండోది భద్రత. హీప్ మెమరీ, అంటే మ్యాలక్ పంచే మెమరీ, పాడైందని మ్యాలక్ గుర్తించి అబార్ట్ పిలిచేది. అబార్ట్ వెళ్లి తెరిచిన ఫైళ్ల జాబితాను ఒక్కొక్కటిగా చూసి, ప్రతి ఫైలుకూ నమోదైన ‘రాసే ఫంక్షన్’ చిరునామాకు దూకేది. మెమరీని పాడుచేసింది దాడిచేసినవాడే అయితే, ఆ జాబితాను కూడా తనకు కావాల్సినట్టు మార్చి ఉంచగలడు. అంటే, దాడిని పసిగట్టి ఆపడానికి పెట్టిన తలుపే దాడికి దారి అయ్యేది. 2016లో హిట్‌కాన్ హ్యాకింగ్ పోటీలో వెలుగుచూసిన ‘హౌస్ ఆఫ్ ఆరెంజ్’ పద్ధతి ఇలాగే పనిచేసింది. అబార్ట్ ఏదీ సర్దకూడదన్న వాదనకు ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు.

ఎవరు పిలిచారు?

ఇక మొదటి ప్రశ్న. ప్రోగ్రామర్ రాయకపోయినా అబార్ట్‌ను పిలిచేవారు చాలామందే ఉన్నారు.

అందరికీ తెలిసినది అసర్ట్. ఒక షరతు తప్పకుండా నిజం కావాలని రాస్తే, అది అబద్ధమైనప్పుడు ఆ షరతును, ఫైలు పేరును, లైను నంబరును, సి99 నుంచి ఫంక్షన్ పేరును కూడా స్టాండర్డ్ ఎర్రర్‌కు రాసి అబార్ట్‌ను పిలుస్తుంది. ఎన్‌డీబగ్ అనే మ్యాక్రో నిర్వచిస్తే అసర్ట్‌లన్నీ మాయమవుతాయి. సీమేక్ అనే బిల్డ్ సాధనం వాడేవారి రిలీజ్ బిల్డ్‌లో ఆ మ్యాక్రో మామూలుగా తానే వచ్చి చేరుతుంది. అందుకే అసర్ట్ బ్రాకెట్లలో ఫైలు తెరవడం, లెక్క పెంచడం లాంటి అసలు పని పెట్టకూడదు. ల్యాబ్‌లో నడిచిన ప్రోగ్రాం రిలీజ్‌లో ఆ పనే చేయకుండా పోతుంది. వాడేవారు టైపు చేసిన వివరాలను అసర్ట్‌తో తనిఖీ చేయడమూ తప్పే. వయసు దగ్గర మైనస్ 5 అని కొట్టడం మనిషి పొరపాటు. దానికి ప్రోగ్రాం చావక్కర్లేదు, మళ్లీ అడిగితే చాలు.

రెండో పిలుపు మ్యాలక్ నుంచి, ఆ మెమరీని తిరిగిచ్చేసే ఫ్రీ నుంచి. ‘డబుల్ ఫ్రీ ఆర్ కరప్షన్’, ‘ఫ్రీ: ఇన్‌వ్యాలిడ్ పాయింటర్’, ‘మ్యాలక్: కరప్టెడ్ టాప్ సైజ్’ లాంటి సందేశాలు వచ్చి అబార్ట్ అయితే, జీలిబ్‌సీ తన పుస్తకాలు తారుమారైనట్టు గుర్తించిందని అర్థం. ప్రోగ్రాంకి ఇచ్చిన ప్రతి మెమరీ ముక్కకు సరిగ్గా ముందు, దాని పరిమాణాన్ని లైబ్రరీ రాసుకుంటుంది. పది అంకెల అరేలో పదకొండో దానికి, పన్నెండో దానికి విలువ పెడితే పక్క ముక్క పరిమాణం చెరిగిపోతుంది. ఆ క్షణాన ఏమీ జరగదు. చాలాసేపటికి, ఎక్కడో సంబంధం లేని ఫంక్షన్‌లో ఫ్రీ పిలిచినప్పుడు లైబ్రరీ ఆ పరిమాణం చూసి ఆగిపోతుంది. తప్పు జరిగింది ఒకచోట, బయటపడింది ఇంకోచోట. ఆగిన లైను చుట్టూ వెతికి లాభం లేదు. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ కింద నడపడం, లేదా జీసీసీ కంపైలర్‌లో అడ్రస్ శానిటైజర్ పెట్టి కంపైల్ చేయడం మేలు. అవి రాసిన చోటునే పట్టిస్తాయి.

టర్బో సి కాలంలో ఇలాంటి రక్షణ చాలా తక్కువ. డాస్‌లో ఒక ప్రోగ్రాం మెమరీలో ఎక్కడైనా రాసేయొచ్చు. టర్బో సి మాత్రం డేటా సెగ్మెంట్ మొదట్లో కొన్ని బైట్లను గుర్తుగా ఉంచి, ప్రోగ్రాం అంతా అయిపోయాక అవి మారాయేమో చూసి ‘నల్ పాయింటర్ అసైన్‌మెంట్’ అని చెప్పేది. అప్పటికి పని ముగిసిపోయి ఉండేది. ఆ వాక్యాన్ని పట్టించుకోకుండా ల్యాబ్ రికార్డులో అవుట్‌పుట్ రాసేసుకోవచ్చు. అదే ప్రోగ్రాం లినక్స్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పోతే ‘టర్బో సిలో బాగా నడిచిందే’ అనిపిస్తుంది. నిజానికి అక్కడా తప్పే జరిగింది, ఆపేవారు లేరంతే.

మూడో పిలుపు స్టాక్ నుంచి, అంటే ఫంక్షన్లు తమ లోపలి విలువలు ఉంచుకునే మెమరీ నుంచి. ‘స్టాక్ స్మాషింగ్ డిటెక్టెడ్’ అని వస్తే, ఒక ఫంక్షన్ లోపలి అరే హద్దు దాటి రాశారని అర్థం. కంపైలర్ ఫంక్షన్ మొదట్లో స్టాక్ మీద ఒక రహస్య విలువ పెట్టి, తిరిగెళ్లేముందు అది అలాగే ఉందా అని చూస్తుంది. మారితే అబార్ట్. బొగ్గు గనుల్లోకి విషవాయువు పసిగట్టడానికి తీసుకెళ్లిన పిట్ట పేరు మీద దీన్ని కానరీ అంటారు.

సి ప్లస్ ప్లస్‌లో ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్ (లోపం వచ్చిందని విసిరే కబురు) కూడా చివరికి టర్మినేట్ ద్వారా అబార్ట్‌నే చేరుతుంది. పోటీ సైట్లలో కనిపించే సిగ్‌అబర్ట్‌లలో చాలావాటి మూలం ఇక్కడే. వెక్టర్ (అరే లాంటి జాబితా)లో లేని స్థానాన్ని ఎట్ ఫంక్షన్‌తో అడగడం, ఇన్‌పుట్ సైజు తప్పుగా చదివి పట్టనంత మెమరీ కోరడం ఇందుకు ఉదాహరణలు. అదే వెక్టర్‌ను చదరపు బ్రాకెట్లతో అడిగితే సిగ్‌సెగ్వీ రావచ్చు, ఏమీ రాకుండా తప్పు జవాబూ రావచ్చు. మూడింటిలో సిగ్‌అబర్ట్ వచ్చినవారే అదృష్టవంతులు. తప్పు ఉందని వారికి తెలిసింది.

మిగిలిన ఆనవాళ్లు

సిగ్‌అబర్ట్ వల్ల కోర్ డంప్ పుడుతుంది. ప్రాసెస్ ఆగిన క్షణంలో దాని మెమరీ, రిజిస్టర్లు ఎలా ఉన్నాయో అలా ఒక ఫైల్లోకి దిగుతాయి. కోర్ అన్న పేరు ఒకప్పటి అయస్కాంత కోర్ మెమరీ నుంచి వచ్చింది. ఘటన జరిగిన చోట పంచనామా అయ్యేదాకా ఏదీ కదపవద్దన్నట్టే, సర్దకుండా ఆగిపోవడం వల్ల ఆనవాళ్లు చెడవు. జీడీబీ అనే డీబగ్గర్‌లో ఆ ఫైలు తెరిచి బీటీ అని కొడితే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలుస్తూ అబార్ట్ దాకా వచ్చిందో వరసగా కనిపిస్తుంది.

‘కోర్ డంప్డ్’ అని వచ్చినా ఫైలు కనబడకపోవడం ఇంకో చికాకు. చాలా లినక్స్ వ్యవస్థల్లో ఇప్పుడు ఆ డంప్ పనిచేస్తున్న ఫోల్డర్‌లో పడదు. కెర్నల్ దాన్ని సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీకో, ఉబుంటులో అయితే లోప నివేదికలు తయారుచేసే అపోర్ట్‌కో అప్పగిస్తుంది. సిస్టమ్‌డీ ఉన్నచోట కోర్‌డంప్‌సీటీఎల్ ఆదేశంతో వెతకాలి. డంప్ అసలే రాకపోతే పరిమితులు చూపే యూలిమిట్ ఆదేశంలో కోర్ పరిమాణం సున్నాగా ఉందేమో చూడాలి. ఒక జాగ్రత్త కూడా అవసరం. మెమరీలో పాస్‌వర్డులు, కస్టమర్ల వివరాలు ఉంటే అవీ ఆ ఫైల్లోకి వస్తాయి. సహాయం కోసం దాన్ని ఎవరికి పడితే వారికి పంపకూడదు.

ఆండ్రాయిడ్‌లో నేటివ్ కోడ్ అబార్ట్ అయితే లాగ్‌లో ‘ఫాటల్ సిగ్నల్ 6’ అని, తర్వాత టూంబ్‌స్టోన్ అనే నివేదిక కనిపిస్తాయి. టూంబ్‌స్టోన్ అంటే సమాధి రాయి. పేరు ఎలా ఉన్నా అందులో ఉండేదీ ఆ పిలుపుల వరసే.

ఆగడం ఎక్కడ మేలు, ఎక్కడ ముప్పు

అబార్ట్ మంచిదా కాదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఆగిన తర్వాత బాధ్యత తీసుకునేవారు ఉన్నారా అన్నది చూడాలి. రెండు నిజమైన ఘటనలు పక్కపక్కన పెడితే ఇది తేటపడుతుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సి భాషలో రాసింది. డేటా డిస్కుకు నిజంగా చేరిందని నిర్ధారించుకోవడానికి అది ఎఫ్‌సింక్ పిలుస్తుంది. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించేది. 2018లో ఒక చేదు నిజం అందరి దృష్టికీ వచ్చింది. లినక్స్‌లో మొదటిసారి విఫలమయ్యాక, రాయలేకపోయిన పేజీలను కెర్నల్ ‘రాసేసినవి’గా గుర్తు పెట్టేయవచ్చు. రెండోసారి ఎఫ్‌సింక్ అడిగితే ‘అంతా బాగుంది’ అంటుంది. డేటా మాత్రం డిస్కు మీద ఉండదు. ఓపిగ్గా మళ్లీ ప్రయత్నించడమే ఇక్కడ డేటాను పోగొట్టింది. 2019 ఫిబ్రవరి నుంచి వచ్చిన వెర్షన్లలో ఎఫ్‌సింక్ విఫలమైతే పోస్ట్‌గ్రెస్ పానిక్ స్థాయి లోపంగా తీసుకుంటుంది, అంటే అబార్ట్ అవుతుంది. తర్వాత అది మళ్లీ మొదలై, ముందే రాసి పెట్టుకున్న లాగ్ చదువుకుంటూ చివరిగా సరిగ్గా ఉన్న చోటినుంచి మార్పులన్నీ తిరిగి చేస్తుంది. ఇక్కడ బయటివారంటే డిస్కు మీది లాగ్. అది చెడిన మెమరీలో లేదు. అందుకే ఆగడం మేలైంది.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగిరిన తొలి అరియాన్ 5 రాకెట్ దీనికి ఎదురు ఉదాహరణ. అందులోని కోడ్ అడా భాషలోది, సి కాదు. సూత్రం మాత్రం ఇదే. రాకెట్ దిశ, వేగం కొలిచే కంప్యూటర్‌లో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చే చోట విలువ పట్టలేదు. అరియాన్ 4 ప్రయాణాల్లో అంత పెద్ద విలువ వచ్చేది కాదు. కొత్త రాకెట్ వేగానికి వచ్చింది. ఎక్సెప్షన్ వస్తే ప్రాసెసర్‌ను ఆపేయాలన్నది అక్కడి నియమం. ఆగింది. అండగా ఇంకో కంప్యూటర్ ఉంది గానీ, అందులోనూ అదే సాఫ్ట్‌వేర్. అది అప్పటికే 72 మిల్లీసెకన్ల ముందు అదే కారణంతో ఆగిపోయింది. ఆగిన యంత్రం పంపిన లోప సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణ వివరాలనుకుని నాజిళ్లను పక్కకు తిప్పింది. బయల్దేరిన 40 సెకన్ల లోపే రాకెట్, అది మోసుకెళ్తున్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు ముక్కలయ్యాయి. ఇంకా బాధ కలిగించే విషయం, తప్పు చేసిన ఆ లెక్క రాకెట్ నేల విడిచాక అవసరమే లేనిది.

ఆగిపోయి పక్క యంత్రానికి అప్పగించడం హార్డ్‌వేర్ చెడినప్పుడు పనికొచ్చే పద్ధతి. ఒక చిప్ పాడైతే రెండోది బాగుండే అవకాశం ఎక్కువ. సాఫ్ట్‌వేర్ తప్పు అలా కాదు, నకలు ఎన్ని ఉంటే అన్నిటిలోనూ ఉంటుంది. అబార్ట్ రాసే ప్రతిచోటా వేయాల్సిన ప్రశ్న ఇది.

లైబ్రరీలు రాసేవారికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. బొమ్మల ఫైలు చదివే లైబ్రరీ, ఒక చెడ్డ ఫైలు చూసి అబార్ట్ పిలిస్తే, ఆ లైబ్రరీని వాడుకున్న ప్రోగ్రాం మొత్తం పోతుంది. వాడుకరి అదే ప్రోగ్రాంలో సేవ్ చేయకుండా ఉంచిన పని కూడా పోతుంది. చెడ్డ ఫైలు ఊహించగల విషయమే. లోపం అంకె తిరిగిచ్చి, ఏం చేయాలో పిలిచినవారికి వదలాలి. సొంత డేటా నిర్మాణమే పగిలిపోయిందని తేలినప్పుడు మాత్రమే అబార్ట్‌కు అర్హత ఉంది. ఆ క్షణాన సిగ్నల్ హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్, మ్యాలక్ లాంటివి పిలవడమూ ప్రమాదమే, మళ్లీ ఆ లాకుల చిక్కే వస్తుంది. రైట్ లాంటి కొన్ని ఫంక్షన్లే అక్కడ క్షేమం.

సర్వర్ల విషయంలో ఆ బయటి మనిషి పాత్ర ఇప్పుడు ఎక్కువగా సిస్టమ్‌డీది. సర్వీస్ ఎలా ముగిసిందో అది వెయిట్ ద్వారా తెలుసుకుంటుంది. ‘ఆన్ అబార్ట్’ అని పెడితే సిగ్నల్ వల్ల పోయినప్పుడు మాత్రమే తిరిగి లేపుతుంది. సెట్టింగుల ఫైల్లో తప్పుందని ఎగ్జిట్ 1తో ఆగిన సర్వీస్‌ను అలాగే వదిలేస్తుంది, ఎందుకంటే మళ్లీ లేపినా ఆ ఫైలు మారదు. ఎగ్జిట్, అబార్ట్‌లను తప్పుగా వాడిన ప్రోగ్రాం ఇక్కడ తప్పుడు కబురు పంపినట్టే అవుతుంది. అయితే అరియాన్‌లోని ఇబ్బంది ఇక్కడా ఉంది. లేచిన ప్రోగ్రాంలో అదే కోడ్, దాని ముందుకు వచ్చేది అదే ఇన్‌పుట్ అయితే మళ్లీ అక్కడే ఆగుతుంది. సిస్టమ్‌డీ మామూలు సెట్టింగుల్లో 10 సెకన్లలో 5 సార్ల వరకే లేపుతుంది. ఆ తర్వాత సర్వీస్‌ను విఫలమైనట్టు గుర్తుపెట్టి వదిలేస్తుంది. ఇక ఎవరైనా వచ్చి కోర్ ఫైలు తెరవాల్సిందే.